రాజమణిని తెచ్చుకుందామని నిజామాబాద్ వెళ్లాను

ఈ వయసులో అందరూ కాశీకి వెళ్తారు. నేను వంటమనిషి కోసం నిజామాబాద్ వెళ్లాను. తిరిగొచ్చి రెండు వారాలైంది. అక్కడ ఏం చూశావు, ఏం తిన్నావు అని అడిగిన ప్రతివాళ్లకీ విడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

ముందు నా సంగతి. రాజమండ్రిలో నాకు చిన్న మెస్సు ఉంది. పేరు చెప్పను, ప్రకటన అనుకుంటారు. గోదావరి గట్టుకి రెండు వీధులు ఇవతల, పదహారు బల్లలు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టిఫిను. గుమ్మం పక్కన "మా అమ్మమ్మ చేతి పప్పు" అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించాను. కోర్టు గుమస్తాలూ, బట్టల కొట్ల వాళ్లూ ఆ పప్పు కోసమే వస్తారు. తొమ్మిదేళ్లుగా ఆ పప్పు వండుతున్నది మాత్రం రాజమణి. నిజామాబాద్ మనిషి. బోర్లు వేసే లారీ మీద పనిచేసే భర్తతో ఇటు వచ్చింది. ఆయన ఇక్కడే పోయాడు. అంట్లు తోమడానికి మా దగ్గర చేరింది. ఒకరోజు వంటాయన రాకపోతే పొయ్యి దగ్గర నిలబడింది. మర్నాడు ఆయన వచ్చాడు గానీ ఆయన కోసం ఎవరూ అడగలేదు.

రాజమణికి ఒక అలవాటుంది. వండుతూ చేస్తున్న పనల్లా పైకి చెబుతుంది. "పసుపేసిన." "ఉప్పేసిన." "మంట తగ్గించిన." వినేవాళ్లు ఎవరూ ఉండరు. చెప్పి ఒక్క క్షణం ఆగి, అప్పుడు తర్వాతి పనికి వెళ్తుంది. వడ్డించేవాళ్లు ఆమెకి రేడియో అని పేరు పెట్టారు. మొదట్లో నేనూ కసిరాను. తర్వాత ఆ గొంతు వినపడకపోతే నాకే తోచేది కాదు. ఈమెకి వంట నేర్పింది నేనే అని ఊరంతా చెప్పుకున్నాను కూడా.

తమ్ముడి కూతురి ఫంక్షన్ అని పది రోజులు సెలవు పెట్టి వెళ్లింది. నెల దాటాక ఫోన్ చేసి, "నేను ఇగ రానక్కా" అంది. ఎందుకో చెప్పలేదు. ఆ నెలలో ఇద్దరు వంటవాళ్లు మారారు. సగం బల్లలు ఖాళీ. ఒక గుమస్తాగారు పప్పు కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుని, నా వైపు చూసి, లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ చూపు నేను భరించలేకపోయాను. రాజమణి రాకపోతే ఉగాదికి మెస్సు మూసెయ్యడమే అని తేల్చుకున్నాను. బతిమాలి తెచ్చుకుందామని బయలుదేరాను.

దిగిన ఊరు దాటి

నిజామాబాద్‌లో రైలు దిగాను. దిగాక ధైర్యం చాలలేదు. పొద్దున్నే ఆమె గుమ్మం ముందు నిలబడి ఏమని మొదలుపెట్టాలి? అందుకని నేరుగా బోధన్ బస్సెక్కాను. అక్కడ మా పిన్ని కొడుకు రాంబాబు ఉన్నాడు. వాళ్ల నాన్న, అంటే మా బాబాయి, కాలవ కింద పొలాలు చవగ్గా వస్తున్నాయని మా ఊళ్లో ఎకరం అమ్మి ఇక్కడ ఐదెకరాలు కొన్నాడు. అలా వచ్చినవాళ్లు కట్టుకున్న ఊళ్లని ఇక్కడ క్యాంపులు అంటారు. వచ్చి రెండు తరాలు దాటినా ఇంకా క్యాంపే.

బోధన్‌లో బస్సు దిగగానే చెరుకు రసం తాగాను. గ్లాసు ఇరవై రూపాయలు. అల్లం, నిమ్మకాయ వేశాడు. పక్కన కూరగాయల బజారులో సగం మంది మరాఠీ మాట్లాడుతున్నారు. నేను వంకాయలు చూపించి వేళ్లతో బేరం ఆడాను. అమ్మే ఆవిడా వేళ్లతోనే కుదరదంది. మూతపడ్డ పాత చక్కెర ఫ్యాక్టరీ నిన్నటిదాకా నడిచినట్టు మాట్లాడుకుంటారు ఇక్కడి పెద్దవాళ్లు. "ఫ్యాక్టరీ నడిచినప్పుడు" అనే మాట లేకుండా ఏ కథా మొదలవదు. ఇప్పుడు రాంబాబు లాంటివాళ్లు చాలామంది వరికి మారిపోయారు. కొద్దిగా వేసిన చెరుకు బెల్లానికి పోతోంది.

రాంబాబు ఇంటికి వెళ్లి చూద్దును కదా, మా జిల్లా కంటే ఎక్కువ మా జిల్లా. చుట్టూ కొబ్బరి చెట్లు, పెరట్లో అరటి. భోజనంలో పనసపొట్టు కూర, ఆవ పెట్టిన పులిహోర. పనసపొట్టు మా వైపు నుంచి బస్సు పార్సిల్‌లో తెప్పించుకుంటారట. నేను రాజమండ్రిలో పనసపొట్టు తిని రెండేళ్లైంది, పనసకాయని పొట్టుగా కొట్టే ఓపిక లేక. ఇక్కడి తిండి పెట్టమని మరదల్ని అడిగితే నొచ్చుకుంది. "మనింట్లో అవి వండం వదినా" అంది.

సాయంత్రం రాంబాబు బెల్లం వండే చోటికి తీసుకెళ్లాడు. చెరుకు నరికే ఆడవాళ్లు గట్టు మీద కూర్చుని జొన్నరొట్టెలో తొక్కు పెట్టుకుని తింటున్నారు. తొక్కు అంటే మన పచ్చడే. నేను అలా చూస్తూ నిలబడ్డానేమో, ఒకామె రొట్టె సగానికి చింపి నా చేతిలో పెట్టింది. "తిను అక్కా, నిలవడి సూస్తవేంది" అంది. మా వైపు కొత్త మనిషిని నువ్వు అంటే మొహం మాడుతుంది. రాజమణి మొదటి రోజే నన్ను నువ్వు అంటే నేను వారం రోజులు ముభావంగా ఉన్నాను. ఇక్కడికొచ్చాక తెలిసింది, వీళ్లు నువ్వు అన్నారంటే కూర్చోమని చాప వేసినట్టే. రొట్టె బావుంది. తొక్కుకి కళ్లలో నీళ్లొచ్చాయి. పొయ్యి మీద నుంచి తీసిన బెల్లం పాకం తింటే గానీ తగ్గలేదు.

నేను వచ్చిన పని చెబితే రాంబాబు, "జీతం పెంచు, పండక్కి చీర పెట్టు, అదే వస్తుంది" అన్నాడు. మరదలు గిన్నెలు సర్దుతూ, "జీతం కోసమైతే ఫోన్‌లోనే అడిగేది కదా" అంది. అదీ నిజమే అనిపించింది. కానీ జీతం కాకపోతే ఇంకేమిటో నాకు తట్టలేదు.

ముగ్గురు రాజమణులు

మర్నాడు నిజామాబాద్ బస్సులో ఒక నష్టం జరిగింది. రాజమణి తల్లికి ఇద్దామని ఆత్రేయపురం పూతరేకులు పట్టుకొచ్చాను. రాంబాబు ఇచ్చిన బెల్లం అచ్చుల సంచీ వాటి మీద పెట్టి, ఆ సంచీ మీద నేను చెయ్యి ఆనించుకుని నిద్రపోయాను. లేచేసరికి పూతరేకులు పొడి.

నిజామాబాద్‌లో ఆ రోజుల్లో మార్కెట్‌కి పసుపు వస్తోంది. ఏర్గట్ల వైపు నుంచి వచ్చిన బస్తాలట. ఆ రోడ్డు దాటేసరికి నా తెల్ల చీర అంచు పసుపుపచ్చగా మారింది. ఆటో అతను "మంచి శకునం అమ్మా" అన్నాడు. శకునం మంచిదే గానీ చిరునామా నా దగ్గర లేదు. వాడ పేరు తెలుసు, రాజమణి పేరు తెలుసు, వాళ్లమ్మ బీడీలు చుడుతుందని తెలుసు. చాలదా అనుకున్నాను. తీరా వెళ్తే ఆ వాడలో ప్రతి ఇంటి అరుగు మీదా ఒకామె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. రాజమణులు ముగ్గురున్నారు.

మొదటి రాజమణి నాకంటే పెద్దది. ఎవరి కోసం వచ్చానో పూర్తిగా విని, తను ఆ రాజమణి కాదని తెలిసినా టీ తాగితే గానీ కదలనివ్వలేదు. రెండో రాజమణి కొత్త కోడలు. ఆమె మంచినీళ్లిచ్చి, ఫోటో ఉందా అని అడిగింది. నా ఫోన్‌లో మెస్సు వంటగది ఫోటో చూపించాను. చూసి నవ్వింది. "గీమెనా? నర్సవ్వ పెద్దమ్మ బిడ్డ. గా మూల మీది ఇల్లు. పో, పప్పు వాసనస్తది." నిజంగానే మూల తిరగక ముందే వాసన వచ్చింది. నెల రోజుల తర్వాత ఆ వాసన తగిలేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఊఁ"

రాజమణి నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి సంచీ అందుకుంది. "వస్తవని తెలుసక్కా" అని లోపలికి వెళ్లిపోయింది, పొయ్యి మీద పప్పు ఉందని.

వాళ్లమ్మ నర్సవ్వ అరుగు మీద ఉంది. సన్నటి మనిషి, డెబ్భైకి దగ్గర. రాజమణి ఆమెని అవ్వా అని పిలుస్తుంది. ఈ వైపు తల్లిని అలాగే పిలుస్తారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు పొడి, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు. ఆకు తీసి, పొడి పోసి, చుట్టి, దారం కట్టడం ఎప్పుడు జరుగుతోందో కంటికి ఆనడం లేదు. "లేస్తే ఆకు ఎండుతది బిడ్డా, ఏమనుకోకు. కూసో" అంది. నేను చాప మీద కూర్చున్నాను.

లోపల నుంచి రాజమణి గొంతు వినబడింది. "ఎల్లిపాయ ఏసిన."

"ఊఁ" అంది నర్సవ్వ, చాట మీద నుంచి తల ఎత్తకుండా.

"మిరపకాయ ఏసిన."

"ఊఁ. చప్పుడస్తలేదు. ఇంక కాగనియ్యి."

తొమ్మిదేళ్లు మా వంటగదిలో రాజమణి చెప్పి ఆగింది ఈ "ఊఁ" కోసం. మేం రేడియో అని నవ్వుకున్నాం.

నర్సవ్వే చెప్పింది తర్వాత. రోజుకు వెయ్యి బీడీలు చుట్టి సాయంత్రం కార్ఖానాలో ఇవ్వాలి. తంబాకు చేత్తో ఒకసారి అన్నం కలిపి పెడితే చిన్న కొడుకు రోజంతా కక్కుకున్నాడట. అప్పటి నుంచి ఆ చేత్తో గిన్నె ముట్టుకోనని ఒట్టు పెట్టుకుంది. మధ్యలో చెయ్యి కడిగితే వేళ్లు మెత్తబడి గంటసేపు ఆకు సరిగా చుట్టుకోదు. అందుకని ఎనిమిదేళ్ల రాజమణిని పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, తను అరుగు మీద నుంచి చెప్పేది. తంబాకు మధ్య కూర్చునే మనిషికి వాసన తెలియదు. కనుక చెవితోనే వంట. ఆవాలు చిటపటలాడే తీరు, పప్పు కుతకుతలాడే తీరు విని ఇప్పుడు ఉప్పెయ్యి, ఇప్పుడు దించు అనేది. ఆమె ఒక్కతే కాదు. ఎదురింటి అరుగు, పక్కింటి అరుగు కూడా వినేవి. "పోరి పోపు మాడవెడుతుంది" అని ఎదురింటామె అరిస్తే ఇక్కడ ఈ పిల్ల గిన్నె దించేది. ఇంత మంది గురువులు ఉన్న వంటమనిషికి నేర్పింది నేనే అని చెప్పుకున్నాను.

నర్సవ్వ నన్నూ అడిగింది, వంట ఎవరి దగ్గర నేర్చుకున్నావు బిడ్డా అని. మా ఇంట్లో నాన్నగారు పీట మీద కూర్చుంటే ఎవరూ మాట్లాడకూడదు. బావుంటే మాట ఉండదు. ఉప్పు తగ్గితే విస్తరి ముందుకు తోసేవారు. ఆ చప్పుడు వినకూడదని నేను వంట నేర్చుకున్నాను. అది చెబితే ఆమె చేతులు ఆగాయి. వచ్చాక ఆ చేతులు ఆగడం అదే మొదటిసారి. "మా ఇంట్ల గట్ల లేదు" అని మళ్లీ చుట్టసాగింది.

రాజమణి వచ్చి గుమ్మంలో కూర్చుంది. అసలు మాట ఆమే చెప్పింది. మొదటిసారి పప్పు వండిన రోజు వాళ్ల బాపు, అంటే నాన్న, తిని, మంచిగ చేసినవే అని భార్యతో అన్నాడట.

"అవ్వ ఏమన్నదో తెలుసా అక్కా? 'నేను ముట్టలే. గది అది చేసింది, దానితోని చెప్పు' అన్నది. బాపు ఎంగిలి చేత్తోనే నా దిక్కు తిరిగి, మంచిగ చేసినవ్ బిడ్డా అన్నడు. గా మాట కోసమే ఇన్నేండ్లు వండిన."

నాకూ తనకూ కంచాలు పెట్టింది. పప్పు కలిపి ముద్ద తిన్నాను. అదే పప్పు, చింతపండు పులుపు ఒక్క చుక్క అటూ ఇటూ కాకుండా. "మీ అమ్మమ్మ పప్పు మంచిగున్నదా అక్కా?" అంది రాజమణి, నవ్వు ఆపుకుంటూ. బోర్డు సంగతి నర్సవ్వకి చెప్పేసిందని అర్థమైంది. నేను తలెత్తలేదు. నర్సవ్వ మాత్రం, "ఎవల అమ్మమ్మ అయితేంది, తిన్నరు గద" అంది. ఆమెను కూడా తినమన్నాను. "మీరు తినున్రి, నాకు ఇంక పొద్దు ఉన్నది" అంది, మిగిలిన ఆకు చూపిస్తూ. పొడి అయిపోయిన పూతరేకుల పొట్లం కూడా పక్కన పెట్టుకుంది, పని అయినాక నోట్లో పోసుకుంటానని.

రొట్టెల రోడ్డు

సాయంత్రం నర్సవ్వ బీడీల కట్టలు తీసుకుని కార్ఖానాకి వెళ్తే, రాజమణి నన్ను బజారుకి తీసుకెళ్లింది. నిజామాబాద్ రోడ్ల పక్కన సాయంత్రమైతే ఆడవాళ్లు పొయ్యిలు పెట్టి జొన్నరొట్టెలు చేస్తారు. మా వైపు ఇడ్లీ బళ్లు ఉన్నట్టు. రొట్టె పదిహేను రూపాయలు, కూర మీ ఇష్టం. జనం స్కూటర్ల మీద వచ్చి డజన్ల కొద్దీ కట్టించుకుపోతున్నారు. కర్ర లేకుండా, ఉత్త అరచేత్తో కొట్టి పలచగా చేస్తున్నారు. నేనూ ఒకటి ప్రయత్నిస్తానని అడిగాను. రొట్టెలు చేసే ఒకావిడ చోటిచ్చింది. నా రొట్టె మూడు ముక్కలై పెనం మీద పడింది. కొనడానికి వచ్చినవాళ్లందరూ హాయిగా నవ్వారు. ఆ ముక్కలు నేనే డబ్బులిచ్చి తిన్నాను.

అక్కడ, ఆ నవ్వుల మధ్యనే నేను అడిగేశాను. జీతం పెంచుతానన్నాను. బోర్డు మార్పిస్తానన్నాను. అమ్మని కూడా తీసుకురా, మెస్సు వెనక గది ఖాళీ చేయిస్తానన్నాను. నువ్వు రాకపోతే ఉగాదికి మూసేస్తానని చెప్పాను. అది బెదిరింపులా వినబడింది. నాకు అంతకంటే మంచి మాట దొరకలేదు.

రాజమణి అడ్డంగా తల ఊపింది.

"అవ్వ రాదక్కా. ఈ వాడ ఇడిచి ఎక్కడికీ పోదు. జీతం ముచ్చట గాదు. నీ దగ్గర రోజుకు రెండు వందల మందికి వేడి వేడి పెట్టిన. మా అవ్వ ఒక్కనాడు వేడిది తినలే. నేను వండినదే, నాకు ఎనిమిదేండ్లు ఉన్నప్పటి సంది. బాపు తిన్నడు, తమ్ముడు తిన్నడు, నేను తిన్న. అవ్వ పొద్దుగూకినంక చెయ్యి కడుక్కొని, చల్లారింది తినేది. ఇప్పటికి గంతే."

"నువ్వు వచ్చి నెల దాటింది కదా" అన్నాను.

"చెయ్యి కడుక్కోదు. నేను నోట్లె పెడ్తనంటే, పసిపిల్లనా అని తిడ్తది. ఫోన్ల చెప్తే నువ్వు ఇంకో నెల సెలవిస్తవ్. నేను సెలవు అడుగుతలేనక్కా."

ఇద్దరం ఇంటికి నడిచి వచ్చాం. నర్సవ్వ అప్పటికే తిరిగొచ్చి, చింతపండుతో చేతులు రుద్దుకుని, మధ్యాహ్నం పప్పు అన్నంలో కలుపుకుంటోంది. పప్పు మీద తెట్టు కట్టింది. ఆమె దాన్ని వేలితో పక్కకి జరిపి, ఇష్టంగా తింది. రాజమణి వేడి చేస్తానని గిన్నె అందుకోబోతే, కంచం దగ్గరికి లాక్కుంది. నేను ఆ తెట్టు వైపే చూస్తూ కూర్చున్నాను. నా మెస్సులో ఎవరికైనా అలాంటి పప్పు వడ్డిస్తే నేనే గొడవపడతాను.

మూడో రోజు మధ్యాహ్నం

తెల్లవారి రాజమణి జొన్నపిండి కలిపింది. పుంటికూర పప్పు చేసింది. మా వైపు గోంగూర అంటాం. లోపల నుంచి "ఉప్పేసిన" అంటే అరుగు మీద నుంచి నర్సవ్వ "ఊఁ" అంది. నేను మధ్యలో కూర్చుని రెండూ విన్నాను. మధ్యాహ్నం పన్నెండు దాటింది. చాటలో ఆకు ఇంకా సగం ఉంది. మొదటి రొట్టె పెనం మీద నుంచి కంచంలో పడింది, పక్కన పప్పు పొగలు కక్కుతోంది. రాజమణి కంచం నా ముందు పెట్టింది. నేను దాన్ని తీసుకుని వెళ్లి నర్సవ్వ పక్కన కూర్చున్నాను.

"నేను పెడతాను పెద్దమ్మా, తినండి" అన్నాను.

"నువ్వు తిను బిడ్డా. నాకు ఇంక పొద్దున్నది."

"మీరు తింటేనే నేను తింటాను. మీ ఇంటికి వచ్చినదాన్ని, ఆకలితో పంపిస్తారా?"

ఇది మొండితనమే, నాకు తెలుసు. మెస్సు నడిపేవాళ్లకి మనుషుల చేత తినిపించడంలో సిగ్గు ఉండదు. నర్సవ్వ లోపలి వైపు చూసింది, ఇది కూతురి పన్నాగమా అని. కూతురు రొట్టె కొట్టే చప్పుడు తప్ప ఏమీ లేదు. కన్నబిడ్డనైతే తిట్టొచ్చు. ఇంటికి వచ్చిన కొత్త మనిషి మాట ఎలా తీసేస్తుంది? తంబాకు అంటిన రెండు చేతులూ పక్కకి ఎడంగా పట్టుకుని, నోరు తెరిచింది.

రొట్టె తుంచి, పప్పులో అద్ది పెట్టాను. ఆమె ఉలిక్కిపడింది. నోరు సగం తెరిచి, ఊదుకుంటూ, కళ్లు మూసుకుంది. నేను భయపడ్డాను.

"కాలిందా పెద్దమ్మా?"

"సల్లారనియ్యి బిడ్డా" అంది, కాసేపటికి. "నాకు వేడిది తినుడు రాదు."

లోపల రొట్టె చప్పుడు ఆగిపోయింది.

రెండో ముద్ద ఊది పెట్టాను. నర్సవ్వ నెమ్మదిగా నమిలింది. మూడోది ఊదకుండానే కావాలంది. నాలుగో ముద్దకి లోపలి వైపు తిరిగి, "మంచిగ చేసినవ్" అంది. రాజమణి పొయ్యి ముందు కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

నాకు అప్పుడు ఒక ఆలోచన వచ్చింది. దాన్ని దాచను. మీ అమ్మ వేడిది తింది కదా, ఇక రావే అనొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కంచంలో సగం రొట్టె ఉంది. ఆమె అయిదో ముద్ద కోసం నోరు తెరిచి, నా చేతి వైపు చూస్తోంది. ఇవాళ నేను పెట్టాను. రేపు ఎవరు పెడతారు?

"రాజమణీ, ఇంకో రొట్టె వెయ్యి" అన్నాను. "అమ్మకి చాలదు."

పెనం మీద రొట్టె పడిన చప్పుడు వినబడింది. రాజమణి లోపల నుంచే అడిగింది.

"మనం ఎప్పుడు పోవాలె అక్కా?"

"రేపు పొద్దున" అన్నాను. "నేనొక్కదాన్నే."